సారలమ్మ నేసిన తువ్వాల

"ఏడేండ్ల పిల్లను ఇంకా సంకనెత్తుకొని తిరిగితే కాళ్ళు ఎట్ల వస్తయమ్మా?"

యాకమ్మతో నేను మాట్లాడిన మొదటి మాట ఇది. ఇరవై అయిదేళ్ళ వయసు, చేతిలో కొత్త సర్టిఫికెట్ ఉన్నవాడి నోరు ఎంత దురుసుగా ఉంటుందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అది 1981 జూలై. బయట వాన దంచుతోంది. ఆమె మా గది గడప అవతల నిలబడి ఉంది. పిల్ల తల మీద దుప్పటి కప్పి, తను మాత్రం నిలువునా తడిసిపోయింది.

"కాళ్ళు వస్తే నీ దగ్గరికెందుకు తెస్త సారూ," అంది. గొంతు పెంచలేదు. "ముందు జర లోపలికి రానియ్యి. పొల్ల తడుస్తాంది."

అప్పుడు చూసుకున్నాను. తలుపుకు అడ్డంగా నిలబడింది నేనే.

మా దవాఖానలో ఫిజియోథెరపీ అంటే ఒక్క గది. ప్లాస్టర్ గదికి వెనక, కింద ఒక చాప, గోడకు ఒక అద్దం, పిల్లల నడుము ఎత్తున పక్కపక్కన బిగించిన రెండు నల్లా పైపులు. ఎముక విరిగి వచ్చినవాళ్ళు నన్ను మాలిష్ సారు అని పిలిచేవాళ్ళు. హైదరాబాదులో నాలుగేళ్ళు చదివింది మాలిష్ కాదని చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి ఊరుకున్నాను.

చాప మీద పడుకోబెట్టిన పిల్ల నన్ను తేరిపార చూసింది. పేరు సారలమ్మ. మేడారం జాతర ఏట పుట్టిందట. కాళ్ళు రెండూ మోకాళ్ళ దగ్గర ఒకదాని మీదికి ఒకటి కత్తెరలా వచ్చేస్తున్నాయి. పాదాలు మునివేళ్ళ మీద నిలబడినట్టు కిందికి బిర్రబిగుసుకొని ఉన్నాయి. మడిమ నా అరచేతిలోకి తీసుకొని మెల్లగా వంచబోతే రాలేదు.

"గిలిగిలి పెడ్తాన్నవ్ సారూ," అంది సారలమ్మ, మాటలు కొంచెం సాగదీస్తూ.

"పుట్టంగనే ఏడ్చిందా?" అని అడిగాను.

"ఏడ్వలే. మంత్రసాని బోర్లేసి సరిచింది, నీళ్ళు జల్లింది. శానా సేపటికి కుయ్యిమన్నది," అంది యాకమ్మ.

ఆ శానా సేపు ఊపిరి అందక మెదడులో ఒకచోట దెబ్బ తగిలింది. కాళ్ళు బాగానే ఉన్నాయి. వాటికి అక్కడి నుంచి రావలసిన ఆజ్ఞ తికమకగా వస్తోంది. మా ఎముకల డాక్టరు రాజేశ్వర్ రావు గారు కార్డు మీద సెరెబ్రల్ పాల్సీ అని రాసి పంపారు. ఇది మందేస్తే తగ్గే జబ్బు కాదు. బిగుసుకున్న కండరాలను రోజూ సాగదీస్తూ, పిల్ల పెరిగేకొద్దీ నడకను మెల్లమెల్లగా రాబట్టుకోవాలి.

ఇదంతా నాకు తెలుసు. కానీ యాకమ్మకు నేను చెప్పింది ఒకే ఒక్క ముక్క.

"కాళ్ళకు పని చెప్పాలె. ఎంత పని చెప్తే అంత మంచిది."

కార్డులో తల్లి పేరు దగ్గర యాకమ్మ అని, అడగకుండానే రాసేశాను. ఆ రోజు నేను చేసిన తప్పుల్లో చిన్నది అదే.

సోమవారం, గురువారం వాళ్ళు నేతగాళ్ళ వాడ కాశిబుగ్గ నుంచి వచ్చేవాళ్ళు. మడిమను అరచేతిలో పట్టుకొని, పాదాన్ని పైకి నెట్టి, ముప్పై లెక్కపెట్టేదాకా అలాగే ఉంచాలి. లెక్కపెట్టే పని సారలమ్మకు అప్పజెప్పాను.

"ఒకటి, రెండు, మూడు, పది, ఇరువై, ముప్పై."

"నడుమ ఉన్నయన్ని ఎటు పోయినయ్?"

"వానకు రాలే సారూ."

యాకమ్మ మొహం పక్కకు తిప్పుకొని నవ్వేది. నేర్పింది నేర్పినట్టు పట్టుకునేది కూడా. రాట్నం మీద నూలు కండెలు చుట్టే చేతులు కదా, ఎక్కడ లాగాలో ఎక్కడ వదలాలో ఆ వేళ్ళకు నేను చెప్పక్కర్లేకపోయింది. చుట్టిన జంపఖానా మీద పిల్లను గుర్రం ఎక్కినట్టు కూర్చోబెట్టడం, కాళ్ళు ఎడంగా ఉంచడం, పైపుల నడుమ నిలబెట్టి మోకాలు వెనక చెయ్యి ఆన్చడం, అన్నీ నెల తిరక్కుండా వచ్చేశాయి.

అక్టోబరులో ఒక గురువారం నా నోరు మళ్ళీ జారింది.

"మూడు నెలల సంది చూస్తాన్న. మీ ఆయన ఒక్కసారన్న రాడు. బిడ్డ మీద ఆ మాత్రం ఫికర్ లేదా?"

యాకమ్మ చేతులు ఆగాయి. జవాబు సారలమ్మ చెప్పింది.

"సిన్నమ్మకు పెండ్లే కాలేదు సారూ."

నాకు చాప కింద దూరాలనిపించింది.

"మా అక్క బిడ్డ," అంది యాకమ్మ, పిల్ల పాదం మీంచి చూపు ఎత్తకుండా. "అక్క పోయి ఆరేండ్లాయె. బావ మరమగ్గాల పనికి బతకపోయి భివండిల ఇంకో పెండ్లి చేసుకున్నడు. నేను, మా బాపు, గీమె. గంతే మా ఇల్లు."

కార్డు తీసి తల్లి పేరు కొట్టేయబోయాను.

"ఉండనియ్యి సారూ. రాసినవ్ గదా."

ఆ మాట అన్నప్పుడు నేను మొదటిసారి ఆమె ముఖం సరిగ్గా చూశాను. చామనఛాయ, కనుబొమల నడుమ చిన్న పచ్చబొట్టు, ఎవరి దగ్గరా ఏమీ అడగని కళ్ళు. దాచడం ఎందుకు, ఆ రోజు నుంచే నాకు ఆమె అంటే ఇష్టం. సోమవారానికి గురువారానికి నడుమ రోజులు అంత పొడుగని అంతకుముందు తెలియదు.

ఫిబ్రవరిలో సారలమ్మ మడిమలు నేలకు ఆనాయి. పైపులు పట్టుకొని నాలుగడుగులు వేసింది. రాజేశ్వర్ రావు గారు వచ్చి చూసి నా భుజం తట్టారు. ఇంకో ఏడాదికి చేతికట్టెల సాయంతో వాకిట్లోకి పోగలుగుతుందని లెక్క వేసుకున్నాను.

మార్చిలో మడిమలు మళ్ళీ లేచాయి.

మొదట నా కొలతే తప్పేమో అనుకున్నాను. వారం వారం కొలిచాను. వచ్చిన సడలింపంతా పోతోంది.

"ఇంట్ల చేయిస్తాన్నవా?" అని అడిగాను.

"నువ్వు చెప్పినదానికంటె ఎక్కువనే చేయిస్తాన్న," అంది యాకమ్మ. పెదవుల చివర ఏదో దాచుకుంటున్న నవ్వు కనిపించింది.

ఆ నవ్వు ఎందుకో ఏప్రిల్ మొదటి గురువారం తెలిసింది. పాత పేపరులో చుట్టిన పొట్లం ఒకటి నా చేతిలో పెట్టింది. విప్పితే తెల్లటి తువ్వాల, ఎర్ర అంచు. నేత ఒకచోట దగ్గరగా, ఒకచోట ఎడంగా ఉంది.

"ఎవరు నేసిండ్రో చెప్పు సారూ."

"నువ్వే."

"నాడె ఇసిరింది నేను. తొక్కింది నీ పేషెంటు."

"మొత్తం నేనే తొక్కిన," అంది సారలమ్మ, చాప మీది నుంచి. "దినాం తొక్కిన. సంక్రాంతి అయినప్పటి సంది."

మగ్గం గుంటలో కాళ్ళ కింద చెక్కలుంటాయి. ఒకటి తొక్కితే కొన్ని దారాలు లేస్తాయి, రెండోది తొక్కితే ఇంకొన్ని; ఆ సందులోంచి కండె ఉన్న నాడె అటూ ఇటూ పోతుంది. యాకమ్మ రోజూ రెండు గంటలు తండ్రి మగ్గం మీద పిల్లను పక్కన కూర్చోబెట్టుకొని, ఆ కాళ్ళను చెక్కల మీద పెట్టి తొక్కించింది. తొక్కేది మునివేళ్ళతో. తొక్కిన ప్రతిసారీ పిక్క బిగుస్తుంది. నేను దేన్ని సాగదీయడానికి ఎనిమిది నెలలు కూర్చున్నానో, దాన్నే ఆ పిల్ల మూడు నెలలు ఒళ్ళు వంచి బిగించుకుంది.

ఒక్క నిమిషం ఊరుకొని ఉండవలసింది. ఊరుకోలేదు.

"ఈ పని చెయ్యమని నీకెవరు చెప్పిండ్రు? కూడబెట్టిందంత పాడు చేసినవ్. పిల్ల కాళ్ళు మొదటికంటె అధ్వాన్నం చేసినవ్. ఈ తువ్వాల నాకొద్దు, తీసుకపో."

సారలమ్మ నా వంక చూసి, తన కాళ్ళ వంక చూసుకుంది. పావడా లాగి కప్పుకుంది.

యాకమ్మ తువ్వాలను పాత మడతల మీదే మడిచి పేపరులో చుట్టింది. పిల్లను చంకనేసుకుంది. గడప దాకా పోయి వెనక్కి తిరిగింది.

"నువ్వే చెప్పినవ్ సారూ. కాళ్ళకు పని చెప్పాలన్నవ్. సాలోళ్ళ ఇంట్ల కాళ్ళకు ఇంకేం పని ఉంటది?"

సోమవారం వాళ్ళు రాలేదు. గురువారమూ రాలేదు. మూడు వారాలు పైపుల నడుమ ఎవరూ నడవలేదు.

రాజేశ్వర్ రావు గారు ఒకరోజు పిలిచి అడిగారు. "ఏమయ్యా వెంకట్రాజం, నీ పేషెంటు ఏది?"

చెప్పాను. ఆయన కోప్పడలేదు. కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "మొదటి రోజు ఆ అమ్మాయికి ఏం చెప్పినవ్?" అన్నారు.

"కాళ్ళకు పని చెప్పమన్న సార్."

"ఏ పనో చెప్పినవా?"

"చెప్పలే సార్."

ఆ ఆదివారం ఎండలో కాశిబుగ్గకు పోయాను. మా వాళ్ళూ పద్మశాలీలే. మా తాత కాలంలోనే మగ్గం అమ్ముకొని కేసముద్రం చేరారు. మా నాయిన ఉప్పలయ్య అక్కడ మార్కెట్ యార్డులో గుమస్తా. మగ్గం చప్పుడు నేను దారిన పోతూ విన్నదే తప్ప, లోపలికి పోయి చూడడం అదే మొదటిసారి.

పెంకుటింట్లో రెండు గుంట మగ్గాలు. ఒకదాని మీద యాకమ్మ తండ్రి గట్టయ్య నేస్తున్నాడు. రెండోది భివండి పోయిన అల్లుడిది. దుమ్ము పట్టి ఉంది. యాకమ్మ రాట్నం ముందు కూర్చొని కండెలు చుడుతోంది. నన్ను చూసి తల దించుకుంది.

సారలమ్మ చేతుల మీద పాకుతూ గోడ దగ్గరికి జరిగింది.

"నేను తొక్కుతలేను సారూ. ఒట్టు. తాతను అడుగు."

ఆ పిల్ల గొంతులో భయం వినిపించింది. ఆమె ముందు కింద కూర్చున్నాను.

"తప్పు నీది కాదు బిడ్డా. మీ సిన్నమ్మది కాదు. నాదే."

రాట్నం ఆగింది.

"తాతా, జర నీ కాలు ఇటు పెట్టు," అన్నాను గట్టయ్యతో. ఆయన వింతగా చూసి, గుంటలోంచి కాలు తీసి చాపాడు. యాకమ్మను పిలిచి ఆ పిక్క మీద చెయ్యి వేయమన్నాను.

"ఎట్లున్నది?"

"రాయి లెక్క."

"నలభై ఏండ్లు తొక్కితే ఇట్లయింది. సారలమ్మకు పుట్టుకతోనే పిక్కలు బిగుసుకొని ఉన్నయ్. ఆమె బలం లేక నడుస్తలేదనుకున్నవ్ నువ్వు. అది కాదు. బిగువు విడువక. మనం వాటిని సాగదియ్యాలె, తొక్కియ్యొద్దు. ఇది మొదటి రోజే చెప్పాల్సింది. సాలోళ్ళ ఇంట్ల పుట్టి మగ్గం మొఖం చూడనోన్ని. నా మాట నువ్వు ఎట్ల పట్టుకుంటవో నాకు తట్టలే."

ఆమె తండ్రి పిక్క మీద చెయ్యి తీసి, సారలమ్మ పిక్క మీద పెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నేనే బిగించిన," అంది.

"మనిద్దరం బిగించినం."

గట్టయ్య గొంతు సవరించుకున్నాడు. "సాలోళ్ళ పిల్లగానివా? మగ్గం రాదా?"

"రాదు తాతా."

"మరి నీకు పిల్లనెవరిస్తరయ్యా?"

యాకమ్మ గబుక్కున లేచి మళ్ళీ రాట్నం ముందు కూర్చుంది. ఆ పూట దారం రెండుసార్లు తెగింది.

సారలమ్మ కాళ్ళకు ఆరు వారాలు ప్లాస్టర్ కట్టు వేశారు, మడిమలు మెల్లగా దిగడానికి. కట్టు విప్పాక అసలు చిక్కు వచ్చింది. మోకాళ్ళు చక్కగా, మడిమలు ఆన్చి, పూటకు అరగంట నిలబడాలి. దవాఖానలో పైపుల నడుమ అయిదు నిమిషాలు కాగానే ఏడుపు. ఇంట్లో నిలబెడితే ఇంకా అధ్వాన్నం. మగ్గం ఇంట్లో అందరూ కింద కూర్చొని పనిచేసేవాళ్ళే. ఆ పిల్ల ఒక్కతే పైన ఒంటరిగా, ఎవరి మొహమూ కనపడకుండా నిలబడాలి.

"ఏడ్వక ఏం చేస్తది?" అంది యాకమ్మ. ఆమె చూపు దుమ్ము పట్టిన రెండో మగ్గం మీదికి పోయింది. "సారూ, గుంటల నిలబెడ్తె?"

నేను అర్థం కానట్టు చూశాను.

"గుంట లోతు గీమె రొమ్ము దాకా వస్తది. వీపుకు ఒక చెక్క. మోకాళ్ళకు మెత్తటి బట్ట కడ్దాం. కాళ్ళ కింద ఏటవాలు పీట పెడ్తె మడిమ దిగుతది, వేళ్ళు లేస్తయ్. చేతులు పైన ఖాళీగ ఉంటయ్. నా పక్కన కండెలు చుట్టుకుంట నిలబడ్తది."

చదువుకున్న పుస్తకాల్లో నిలబెట్టే బల్ల బొమ్మ ఉంది. తేవడానికి మా దవాఖానకు ఎన్నాళ్ళు పడుతుందో తెలియదు. ఆమె నాకు దాన్ని ఇంటి నేలలోనే చూపించింది.

ఆ సాయంత్రమే రెండో మగ్గం తొక్కుడు చెక్కలు ఊడదీశాం. గట్టయ్య పీట చెక్కాడు. సారలమ్మను దింపి కట్లు కట్టాక చూస్తే, ఆమె ముఖం కూర్చున్న తాత ముఖానికి, చిన్నమ్మ ముఖానికి సరిగ్గా ఎదురుగా వచ్చింది. అందరినీ ఒకసారి చూసి, "కండె ఇయ్యి," అని చెయ్యి చాపింది. అరగంట గడిచినట్టు ఎవరికీ తెలియలేదు.

ఆ తర్వాత ఆదివారాలు పీట వాలు చూడడానికి పోయేవాణ్ణి. వాలు ప్రతి ఆదివారం మారేది కాదని గట్టయ్యకు తెలుసు, నాకూ తెలుసు.

"ఏం సారూ, పీట మంచిగున్నదా?" అని ఆయన అడిగేవాడు.

"మంచిగున్నది తాతా."

"పోయిన ఐతారం లెక్కనే ఉన్నదా?"

యాకమ్మ చాయ గ్లాసు నా ముందు పెట్టి లోపలికి పోయేది. లోపలి నుంచి గాజుల చప్పుడు వినిపించేది.

దసరా ముందు ఒక ఆదివారం ఆమె ఇంట్లో లేదు. గట్టయ్య నాడె పక్కన పెట్టి, తనంతట తనే చెప్పాడు.

"పరకాల నుంచి సంబంధం వచ్చింది. ఇది నాలుగోది. వద్దన్నది. సచ్చిపోయే ముంగట వాళ్ళక్క చేతిల చెయ్యేసి చెప్పింది సారూ, ఈ పొల్ల తన కాళ్ళ మీద తాను నడిచేదాక పెండ్లి చేసుకోనని. ఇరువై నాలుగు నిండినయ్. నేను ఎన్నాళ్ళుంట? నువ్వే చెప్పు, నడుస్తదా?"

ఆ ప్రశ్న నా మీద రాయిలా పడింది. ఆ రాత్రి కాదు, ఆ నెలంతా నాతో నేనే కొట్లాడాను. సారలమ్మ నడవాలని నేను కోరుకునేది సారలమ్మ కోసమా, నా కోసమా? మడిమ పట్టుకొని ముప్పై లెక్కపెట్టేటప్పుడు కూడా ఆ అనుమానం వదలలేదు. చివరికి ఒకటే తేల్చుకున్నాను. నా కోసం ఒక్క అబద్ధం కూడా చెప్పకూడదు.

అది చెప్పవలసిన రోజు తొందరగానే వచ్చింది. సారలమ్మ అప్పటికి రెండు చేతికట్టెలతో మగ్గం నుంచి గడప దాకా వస్తోంది. ఆ కట్టెలు గట్టయ్య రెండో మగ్గం కర్రలతోనే చేశాడు. బయట తుఫాను వాన. చూరు కింద నేను గొడుగు విప్పుతుంటే యాకమ్మ వచ్చి పక్కన నిలబడింది.

"సారూ, ఒక్కటి అడుగుత. నిజం చెప్పు. కట్టెలు లేకుంట నడుస్తదా?"

గొడుగు విప్పి ఆమె వైపు తిరిగాను.

"నాకు తెలిసినంతల నడువదు యాకమ్మా. కట్టెలతోని ఇంకా మంచిగ నడుస్తది. వాకిట్లకు, బజాట్లకు, బడికి పోతది. కట్టెలు మాత్రం ఉంటయ్. ఎన్నటికి ఉండొచ్చు."

ఆమె ఏడవలేదు. చూరు నుంచి జారే నీళ్ళ కింద అరచెయ్యి పెట్టింది.

"అయితే నేనిచ్చిన మాట?"

"ఆ సంగతి నన్ను అడుగకు."

"నిన్నుగాక ఎవర్ని అడుగాలె? కట్టెలతోని నడిస్తే నడిచినట్టా, కాదా? డాక్టరువి నువ్వే గదా."

"నడిచినట్టే అని చెప్పాలని నాకు ఎంత ఉన్నదో నీకు తెల్వది. అందుకే చెప్ప. ఆ జవాబుల నా స్వార్థం ఉంటది."

ఆమె నా వంక తిరిగింది. ఆమెకు అర్థమైంది. ముఖం మీద వాన తుంపర, తుడుచుకోలేదు. లోపల గట్టయ్య మగ్గం కాసేపు ఆగి మళ్ళీ మొదలైంది.

"గొడుగు మంచిగ పట్టుకో సారూ," అంది చివరికి. "తడుస్తాన్నవ్."

ఆ తర్వాత ఏడు నెలలు మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు. మడిమ, మోకాలు, పీట, కట్టెలు, ఇవే మాటలు. నేను సోమవారం కోసం, గురువారం కోసం, ఆదివారం కోసం బతికాను. ఆమె ఏమనుకుంటోందో తెలియదు. అడిగే హక్కు నాకు లేదనుకున్నాను.

1983 జూన్. సారలమ్మకు తొమ్మిదేళ్ళు. అంతకు రెండేళ్ళ ముందు వాళ్ళ వాడ బడిలో పెద్దసారు చేర్చుకోలేదు. ఎత్తుకొని తెచ్చే పిల్లను తను చూసుకోలేనని, గేటు నుంచి క్లాసు దాకా తనంతట వస్తే చేర్చుకుంటానన్నాడు. ఆ రోజు తొలకరి పడి ఆగింది. గేటు దగ్గర నేను, యాకమ్మ, గట్టయ్య నిలబడ్డాం. బడి ఆవరణ తడిగా ఉంది. గేటు నుంచి ఒకటో తరగతి గడప దాకా ఎన్ని అడుగులో నేను ముందే కొలిచి పెట్టుకున్నాను. నావి ఇరవై ఎనిమిది. ఆమెవి డెబ్భై దాకా ఉంటాయి.

"పోయొస్త," అంది సారలమ్మ. పలక సంచి వీపుకు కట్టి ఉంది.

కుడి కట్టె, ఎడమ కాలు. ఎడమ కట్టె, కుడి కాలు. మోకాళ్ళు ఇంకా ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. నడుము ఊగుతోంది. కానీ ప్రతి అడుగుకూ మడిమ నేలకు ఆనుతోంది. నా పెదవులు లెక్కపెడుతున్నాయి.

నలభై రెండో అడుగున కట్టె బురదలో జారింది. పిల్ల బోర్లా పడింది.

యాకమ్మ ముందుకు ఉరికింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. అంతకుముందు ఎప్పుడూ పట్టుకోలేదు.

"పోకు," అన్నాను.

"పడ్డది సారూ."

"లేసుడు నేర్పినం గదా. చూడు."

సారలమ్మ తల తిప్పి మమ్మల్ని చూసింది. మేం కదలలేదు. అంత కష్టమైన పని నా జీవితంలో ఇంకొకటి చేయలేదు. ఆమె కట్టెలను ముందుకు తోసి, పాకుతూ జెండా కర్ర దగ్గరికి పోయింది. మోకాళ్ళ మీద లేచింది. కర్ర పట్టుకొని ఒక కాలు నిలబెట్టింది, రెండోది నిలబెట్టింది. మడిమలు ఆన్చింది. కట్టెలు సవరించుకొని మళ్ళీ బయలుదేరింది. యాకమ్మ గోళ్ళు నా చేతిలో దిగబడ్డాయి.

గడప దగ్గర టీచరమ్మ నిలబడి ఉంది. ఆమె కొత్తగా వచ్చిన మనిషి, మా సంగతేదీ తెలియదు. బురద కొట్టుకున్న పావడా చూసి అడిగింది.

"ఎవరు తోలుకొచ్చిండ్రమ్మా నిన్ను?"

సారలమ్మకు ఆ ప్రశ్న నచ్చలేదు.

"ఎవరు తేలే టీచర్. నేనే నడుసుకుంట వచ్చిన."

గేటు దాకా వినబడింది. గట్టయ్య కండువాతో ముఖం కప్పుకున్నాడు. యాకమ్మ కదలకుండా నిలబడింది. ఆమె చెంపల మీదుగా కన్నీళ్ళు ధారగా పోతున్నాయి, ఆపుకోవాలని చూడలేదు.

"విన్నవా సారూ," అంది. "కట్టెల మాటనే ఎత్తలే."

"విన్న."

"మా అక్క కూడ విని ఉంటది."

నా చేతిలోంచి చెయ్యి తీసుకుంది, సంచిలోంచి పొట్లం తీయడానికి. అదే పాత పేపరు. మడతలు కూడా అవే. తెల్లటి తువ్వాల, ఎర్ర అంచు.

"ఇది నీదే. ఆనాడు తీసుకోలే."

రెండు చేతులతో తీసుకున్నాను. ఎడంగా పడిన ఆ నేతలో మా ఇద్దరి తప్పూ ఉంది, ఆ పిల్ల కష్టమూ ఉంది.

"వచ్చే ఐతారం మీ నాయినను రమ్మను," అంది యాకమ్మ, గేటు వైపు చూస్తూ. "మా బాపు ఎవరితోని మాట్లాడాలె మరి?"

ఆదివారం మా నాయిన కేసముద్రం నుంచి వచ్చాడు. గట్టయ్య ఆయనకు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, కుశలం అడిగి, ఆ తర్వాత నన్ను చూశాడు.

"బావా, మాటలు మనం తర్వాత మాట్లాడుకుందాం. సాలోళ్ళ అల్లుడు ఒక్కసారన్న మగ్గం మీద కూసోవాలె. ముందు అది కానియ్యి."

తువ్వాల భుజాన వేసుకొని గట్టయ్య మగ్గం గుంట అంచున కూర్చున్నాను. కాళ్ళు లోపలికి దింపి చెక్కల కోసం వెతికాను. దొరకలేదు. దొరికాక రెండూ ఒకేసారి తొక్కాను. మగ్గం కిర్రుమంది. మా నాయిన తల పట్టుకున్నాడు. గడప వెనక గాజులు గలగలమన్నాయి.

సారలమ్మ కట్టెల మీద టక్కుటక్కున నడిచి వచ్చింది. గుంట అంచున నిలబడి నా కాళ్ళను చాలాసేపు పరీక్షగా చూసింది.

"ఫికర్ చెయ్యకు సారూ," అంది. "వస్తది. నాకు రెండేండ్లు పట్టింది."